కింద పెట్టాల్సిన సీసా

కుడి పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి తగ్గుతుందని కనిపెట్టిన రోజు, డైరీలో దాన్ని ఒక విజయంగానే రాసుకున్నాను. అంతకు ముందు కొన్నాళ్ళుగా దగ్గు, సాయంత్రం కాగానే ఒళ్ళు వెచ్చబడటం, గాలి లోపలికి పీల్చినప్పుడల్లా కుడి డొక్కలో సూదితో పొడిచినట్టు నొప్పి. మార్కెట్ నుంచి కూరగాయల సంచి ఒంటి చేత్తో మోసినందుకు నరం పట్టిందని తేల్చుకున్నాను. రోజూ డైరీ రాసేవాడికి ఒక సుఖం ఉంది. ప్రతి దానికీ ఒక కారణం దొరుకుతుంది. అది సరైన కారణమేనా అని డైరీ ఎదురు అడగదు.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చేవెళ్ల, షాబాద్ చుట్టుపక్కల పొలాల హద్దులు కొలవడమే నా ఉద్యోగం. గొలుసు పట్టుకుని గెట్ల మీద నడిచిన కాళ్ళు కాబట్టి, రిటైరయ్యాక కూడా పొద్దున నడక మానలేదు. అలాంటివాణ్ణి, డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు తీయడానికి మెట్లెక్కి, పైకి చేరగానే పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయాను. కింద వాకిట్లో నుంచి మా ఆవిడ చూసింది.

"ఏమైంది, అట్ల నిలవడ్డవ్?"

"గాలి మంచిగున్నది. నిలవడ్డ."

"నోరు తెరిచి గాలి మింగుతున్నవ్. మిరపకాయలు ఉండనియ్. దిగు, దవాఖానకు పోదాం."

చేవెళ్లలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఎడమ వైపు ఊపిరితిత్తి నల్లగా, పక్కటెముకల గీతలతో శుభ్రంగా ఉంది. కుడి వైపు కింది సగం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. నేను జీవితమంతా పటాలు చూసినవాణ్ణి. గీతలు చెరిగిపోయిన పటం మంచిది కాదని నాకు ఎవరూ చెప్పక్కరలేదు.

"నిమ్ము చేసింది సార్. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఇక్కడ కాదు, మొయినాబాద్ దాటినాక పెద్ద దవాఖాన ఉంది కదా, అక్కడికి పోండి. రేపు కాదు, ఇప్పుడే."

మా ఆవిడ తన తమ్ముడికి ఫోన్ చేసింది. మా బామ్మర్ది మా దగ్గర్లోని ప్రొద్దుటూరులో చామంతి, క్యారెట్ పండిస్తాడు. పూలు మార్కెట్‌కు వేసే బండి తీసుకుని వచ్చాడు. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కున్నాం. దారి పొడుగునా రోడ్డు వెడల్పు పనుల దుమ్ము. గొంతు ఎండిపోయి నీళ్ళడిగాను. మా ఆవిడ సీసాను తన కొంగు కిందికి జరుపుకుంది.

"లోపల నీళ్ళు నిండినయంటే, మళ్ళ నీళ్ళు తాగుతనంటవేంది?"

"అక్క చెప్పింది కరెక్టే బావ," అన్నాడు బామ్మర్ది. "మడిల నీళ్ళెక్కువైతే మేం మోటరు బంద్ చేస్తం."

"నన్ను మడి చేసిన్రు ఇద్దరు గలిసి. నువ్వు ముందు చూసి తోలు."

దవాఖానలో చూసిన డాక్టరు సన్నగా, చురుకుగా ఉన్న ఒక అమ్మాయి. మా ఆవిడ ఒళ్ళో దాచిన సీసాను, ఎండిన నా పెదవులను చూసి, విషయం అర్థం చేసుకుని నవ్వింది. ఊపిరితిత్తి చుట్టూ రెండు పొరలు ఉంటాయట. రెంటి మధ్య కొంచెం తడి మాత్రమే ఉండాలి. నిమోనియా వచ్చి ఆ పొరలు వాచినప్పుడు నీరు ఊరి, అక్కడ నిలిచిపోతుంది. ఊపిరితిత్తి విచ్చుకోవడానికి చోటుండదు. "మనం తాగే నీళ్ళకూ దీనికీ సంబంధం లేదమ్మా. ముందు ఆయనకు తాగడానికి ఇవ్వండి."

"ఇగో, తాగు. నాకేం తెలుసు," అని మా ఆవిడ సీసా మూత కూడా తనే తీసి ఇచ్చింది.

నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, ముందు బల్ల మీదికి వంగమన్నారు. వీపు మీద స్కానింగ్ చేసి, మత్తు సూది వేసి, దాని తర్వాత పెద్ద సూది దింపారు. గాజు గొట్టంలోకి వచ్చింది చూస్తే పలచగా కలిపిన శనగపిండిలా ఉంది. నేను కొంచెం తేలికపడ్డాను. డాక్టరు మాత్రం తేలికపడలేదు. నీరు ఒక్క చోట లేదు. లోపల సన్నటి గోడలు కట్టుకుని గదులు గదులుగా నిలిచింది.

"గెట్లు పడ్డయన్నట్టు," అన్నాను.

"అదే సార్. ఆ గెట్లు కరిగించాలి."

చంక కింద, రెండు పక్కటెముకల సందులోంచి ఒక గొట్టం పెట్టారు. దాని రెండో కొసను సగం దాకా నీళ్ళున్న ఒక సీసాలో ముంచి, మంచం కింద నేల మీద ఉంచారు. నేను ఊపిరి తీస్తే గొట్టంలో నీటి మట్టం పైకి, వదిలితే కిందికి కదిలేది. నా ఊపిరి బయట ఒక సీసాలో ఆడుతుంటే చూస్తూ పడుకోవడం చిత్రంగా ఉండేది.

ఆ సాయంత్రం డాక్టరు స్టూలు లాక్కుని కూర్చుని, మెత్తగా, ఏమీ దాచకుండా చెప్పింది. గొట్టంలోంచి మందు పంపి గోడలు కరిగిస్తారు. నీరంతా దిగి ఊపిరితిత్తి విచ్చుకుంటే సరే. విచ్చుకోకపోతే సిటీకి పంపి ఆపరేషన్ చేయించాలి. "మీ వయసుకు మత్తిచ్చి ఛాతీలో ఆపరేషన్ అంటే చిన్న విషయం కాదు సార్. అక్కడి దాకా పోవద్దనే నా ప్రయత్నం. సగం పని నాది, సగం మీది. దగ్గాలి, నడవాలి, ఇదిగో, ఈ బంతులు లేపాలి."

ఆమె ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో మూడు బంతులున్నాయి. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. నేను శక్తి కొద్దీ పీల్చాను. మొదటి బంతి వణికింది. మిగతా రెండింటికీ నేనొకణ్ణి ఉన్నానన్న సంగతి తెలిసినట్టు లేదు.

డాక్టరు వెళ్ళాక మా ఆవిడ నా దుప్పటి అంచు సరిచేసి, సరిగ్గా ఉన్న దాన్నే మళ్ళీ సరిచేసి, "సిటీకైతే పోవద్దు," అంది.

కష్టం ఏమిటంటే, చూడవచ్చినవాళ్ళు నన్ను నా సగం పని చేయనివ్వలేదు. మా వైపు మనిషి దవాఖానలో పడితే ఊరు ఊరంతా కదులుతుంది. బ్రెడ్డు ప్యాకెట్టు, మోసంబిల సంచి పట్టుకుని వస్తారు. నేను లేవబోతే నలుగురూ కలిసి భుజాలు పట్టి పడుకోబెడతారు. "కదలకు సారూ. గొట్టం ఉన్నది. దగ్గకు, దగ్గితే కుట్లు ఊడ్తయ్." డాక్టరు ఏది చెయ్యమందో, సరిగ్గా అదే వద్దంటారు, అదీ ప్రేమతో. పక్క మంచం మీద ఆయాసంతో చేరిన కొండకల్ ఊరి పెద్దమనిషి ఒకాయన ఇదంతా చూసేవాడు. నేను సర్వేయరునని తెలిసినప్పటి నుంచీ తన పొలం గెట్టు పంచాయితీ విప్పాలని ఎదురుచూస్తున్నాడు. ఈ జనం వల్ల ఆయనకు వంతు రావడం లేదు.

గోడలు కరిగించే మందు మొదలుపెట్టిన రోజే అసలు సంగతి జరిగింది.

మా ఇళ్ళల్లో మందును నేల మీద పెట్టరు. గోలీ అయినా, కషాయం అయినా, గూట్లోనో తలాపునో ఉండాలి. కాళ్ళు తిరిగే చోట మందు పెడితే పని చేయదని మా అత్తగారు గట్టిగా నమ్మేది. ఆమె పెంచిన కొడుకే మా బామ్మర్ది. ఆ మధ్యాహ్నం మార్కెట్‌లో పూలు దించి, అటు నుంచి అటే దవాఖానకు వచ్చాడు. మా ఆవిడ కింద క్యాంటీన్‌లో చాయ తేవడానికి వెళ్ళింది. నేను నిద్రపోతున్నాను. వార్డు తుడిచే ఆమె వచ్చి, మంచాల కిందివన్నీ పైకి తీయమంది. బామ్మర్ది చెప్పులు తీశాడు, మోసంబిల సంచి తీశాడు, ఆ వెనుక సీసా కనిపించింది. బావకు ఎక్కుతున్న మందును ఎవరో కాళ్ళకాడ పడేశారని అతనికి నిజంగానే కడుపు మండింది. పక్కనే సెలైన్ స్టాండు ఖాళీగా ఉంది. సీసాకు పట్టుకోవడానికి వైరు ఉంది. ఎత్తి, కొక్కేనికి భద్రంగా తగిలించాడు.

లోపల చల్లగా ఏదో జారుతున్నట్టు అనిపించి నాకు మెలకువ వచ్చింది. వెంటనే దగ్గు తెర. కళ్ళు తెరిస్తే నా తల మీద సీసా వేలాడుతోంది. దాని కింద బామ్మర్ది తృప్తిగా నిలబడి ఉన్నాడు.

దగ్గు విని నర్సు పరుగున వచ్చింది. ముందు పైపుకు క్లిప్పు బిగించి, సీసాను కిందికి దించి, అప్పుడు అడిగింది.

"దీన్ని పైన పెట్టింది ఎవరు?"

"నేనే సిస్టర్. మందు గద, నేల మీద పెట్టిన్రేంది అని."

"మందు కాదన్నా. అంకుల్ లోపల్నించి బయటికి వచ్చిన నీళ్ళు. పైన పెడితే మళ్ళ లోపలికే పోతయ్."

బామ్మర్ది సీసాను, గొట్టాన్ని, నన్ను వరసగా చూసి, "డ్రమ్ములకెళ్ళి డీజిలు పైపుతోని దించేది నేనే గద," అని తనలో తను అనుకున్నాడు. "రోజు చేసే పని."

డాక్టరు వచ్చి కొత్త సీసా పెట్టించింది. కోప్పడలేదు. నాకు దానికే భయం వేసింది. "చూద్దాం సార్. బయటి క్రిములు లోపలికి పోయి ఉంటే జ్వరం వస్తుంది. జ్వరం రాకపోతే మన అదృష్టం. వస్తే చీము పట్టిందనుకోవాలి. అప్పుడు సిటీ తప్పదు."

మా ఆవిడ చాయ గ్లాసులతో వచ్చి సంగతంతా విన్నది. నాకు ఇచ్చింది. కొండకల్ పెద్దమనిషికి ఇచ్చింది. ఎదురు మంచం కుర్రవాడి తల్లికి కూడా ఇచ్చింది. తమ్ముడి వంతు గ్లాసు తనే తాగింది.

"పూలు అమ్ముకోక, నిన్ను ఎవలు రమ్మన్నరు రా?"

"అక్కా, నేను..."

"మాట్లాడకు."

అతను ఆ రోజు ఇంటికి పోలేదు. సీసా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరి కాలు దగ్గరికొచ్చినా చేయి అడ్డం పెట్టేవాడు. చూడవచ్చినవాళ్ళు మంచం అంచున కూర్చోబోతే, "ఆడ కాదు, ఈడ కూసోండ్రి," అని దూరంగా చూపించేవాడు. దాంతో జనం తొందరగా లేచి పోవడం మొదలైంది. కొండకల్ ఆయన ముచ్చటపడ్డాడు.

"సారూ, మీ బామ్మర్ది కావలి మంచిగున్నది. మా మక్కచేనుకు గూడ గింత కావలి లేదు. ఇగ మా గెట్టు సంగతి చెప్తా విను."

నర్సు జ్వరం చూడటానికి వచ్చినప్పుడల్లా బామ్మర్ది లేచి నిలబడేవాడు.

"ఎంతున్నది సిస్టర్?"

"నార్మల్."

"నార్మలంటే మంచిదేనా?"

"మంచిదే అన్నా. కూర్చో."

సాయంత్రం నాకు ఒళ్ళు కొంచెం కాలింది. మా ఆవిడ నా నుదుటి మీద అరచేయి పెట్టి తీయలేదు. బామ్మర్ది ఆమె మొహం చూసి, గోడ వైపు తిరిగాడు. నేను ధైర్యంగానే ఉన్నానని చెప్పలేను. సిటీ, ఆపరేషన్, మత్తులోంచి లేవడం, లేవకపోవడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. నర్సు వచ్చి థర్మామీటరు పెట్టి, వెలుతురుకు చూసి, నా మీది దుప్పట్లు ఎత్తింది. ఒకటి దవాఖానది, ఒకటి మా ఇంటి నుంచి తెచ్చింది, పైన మా ఆవిడ శాలువా.

"జ్వరం లేదు. ఇన్ని కప్పితే ఎవరికైనా కాలుతుంది అమ్మా."

మా ఆవిడ శాలువా తీసి మడత పెట్టుకుంటూ, "ఫ్యాను తిరుగుతున్నదని కప్పిన," అంది, ఎవరూ అడగకపోయినా.

మర్నాడు తెల్లవారి బామ్మర్ది ఇంటికి వెళ్ళి, చామంతి పూలు తెంపేటప్పుడు వాడే వెదురు గంప ఒకటి తెచ్చాడు. గంపకు మోకాళ్ళ దాకా వేలాడేలా పొడుగు తాడు కట్టాడు. అడుగున గోనె మడిచి, సీసా ఒరగకుండా చుట్టూ గుడ్డలు కూరాడు. అంతకు ముందు నేను నడవాలంటే సీసాను చేత్తో పట్టుకోవాలి. మలుపు దగ్గర చేయి ఎక్కడ పైకి లేస్తుందోనని మా ఆవిడ నడవనిచ్చేది కాదు. నర్సు గంపను అటూ ఇటూ ఊపి చూసి, ఒప్పుకుంది.

"నువ్వు ముందు నడువు బావ. నేను నీ వెనక వస్త. ఇగ ఇది మోకాలు దాటి పైకి రాదు. వస్తే నన్నడుగు."

అలా మా ఊరేగింపు మొదలైంది. ముందు నేను, చంక కింద నుంచి వేలాడే గొట్టంతో. వెనుక గంపతో బామ్మర్ది. గొట్టం లాగకుండా ఇద్దరం ఒకే అడుగు వేయాలి. పెద్ద గొలుసుతో కొలిచేటప్పుడు నేనూ, రెండో కొస పట్టుకునే నా చైన్‌మన్ కూడా ఇలాగే నడిచేవాళ్ళం కాబట్టి నాకు ఇది చేతనైన పనే. అతనికి మాత్రం కాలు కలిపి నడవడం రాదు. "ఎడమ, కుడి," అని నేను చెప్పుకుంటూ పోవాల్సి వచ్చేది.

వరండాలో ఒక ముసలావిడ గంప అంచుకు అంటుకున్న పూరేకులు చూసింది.

"బిడ్డా, మూర ఎంత?"

"ఇవి అమ్మేటియి కావవ్వా."

"అడుగుతున్నది గద, చూపియ్యరాదు," అన్నాను నేను.

బామ్మర్ది గుడ్డ జరిపి చూపించాడు. ముసలావిడ ఆ పసుపు నీళ్ళ సీసాను తేరిపార చూసి, "గీ నీళ్ళల్ల ఏం పూలు పూస్తయ్ బిడ్డా," అని తన దారిన తను పోయింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వు దగ్గయింది. నొప్పికి డొక్క పట్టుకుని గోడకు ఆనుకున్నాను. బామ్మర్ది భయపడి నేల మీద కూర్చుండిపోయాడు, గంపతో సహా. కానీ సీసాలోకి గొట్టం గుండా బుడగలతో పాటు బొళబొళమని నీరు వచ్చింది. రెండు రోజులుగా చుక్క చుక్కగా వచ్చేది, ఒక్కసారిగా.

అప్పుడే రౌండుకు వస్తున్న డాక్టరు ఆగి చూసింది. "ఈ దగ్గే కావాలి సార్ నాకు. ఎట్లా వచ్చింది?"

"మా బామ్మర్ది పూలు అమ్మవోయిండు," అన్నాను.

ఆ రోజు నుంచి దగ్గడానికి భయపడలేదు. దిండు డొక్కకు అదుముకుని దగ్గేవాణ్ణి. నడిచేవాణ్ణి. కొండకల్ పెద్దమనిషి గెట్టు పంచాయితీ వినడానికి వరండా చివరి దాకా ఆయనను కూడా నడిపించేవాణ్ణి. పంచాయితీ పొడుగైనది కావడం మా ముగ్గురికీ మంచిదైంది. బంతుల డబ్బాలో మొదటి బంతి నిలకడగా లేచింది. ఒక పొద్దున రెండోది కూడా లేచింది. "లేశింది, లేశింది," అని మా ఆవిడ, తను కోపంలో ఉన్నానన్న సంగతి మరిచిపోయి, తన చేతిలోని చాయ గ్లాసు తమ్ముడి చేతిలో పెట్టింది. గుర్తొచ్చేసరికి అతను సగం తాగేశాడు.

జ్వరం రాలేదు. సీసాలోకి నీరు రావడం తగ్గుతూ పోయి, చివరికి ఆగిపోయింది. ఆగిపోవడం రెండు రకాలట. లోపల నీరు అయిపోయి ఆగడం ఒకటి, గొట్టం మూసుకుపోయి ఆగడం ఇంకొకటి. ఏదో తేల్చడానికి మళ్ళీ ఎక్స్‌రే తీశారు.

డాక్టరు ఫిలిం తెచ్చి వెలుతురు డబ్బా మీద పెట్టింది. మేం ముగ్గురం దాని ముందు నిలబడ్డాం. ఈసారి కుడి వైపు కూడా నల్లగా, పక్కటెముకల గీతలు తేలి ఉన్నాయి. కింద మూలన మాత్రం బొటనవేలు అంత తెలుపు మిగిలింది. నాకు గీతలు కనిపిస్తున్నాయి కానీ, చూపు ఆ మూల దగ్గరే ఆగింది. మా ఆవిడే అడిగింది.

"ఆపరేషన్‌కు పోవాల్నా బిడ్డా?"

"అక్కర్లేదమ్మా. ఊపిరితిత్తి విచ్చుకుంది. ఈ మూలది మందులతో, బంతులతో పోతుంది. గొట్టం తీసేద్దాం."

మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, ఆ వెంటనే తమ్ముడి వైపు తిరిగి, "బండి తెచ్చినవా?" అని అడిగింది. సీసా పైన తగిలించిన రోజు తర్వాత అతనితో ఆమె నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

మంచం చుట్టూ తెర లాగారు. మా ఆవిడ, బామ్మర్ది బయట నిలబడ్డారు. డాక్టరు కుట్టు దారం సిద్ధం చేసుకుని, గట్టిగా చెప్పింది. "సార్, గాలి నిండా పీల్చండి. బిగబట్టండి. నేను చెప్పేదాకా వదలొద్దు." పీల్చి బిగబట్టాను. గొట్టం ఒక్క లాగుతో బయటికి వచ్చింది. దారం ముడి బిగిసింది. పట్టీ అంటించి, నా చెవి దగ్గరికి వంగి, "ఇక వదలండి," అని మెల్లగా అంది.

స్టెతస్కోపు నా వీపు మీద పెట్టి వింటుండగా, తెర అవతల మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏందిరా, మొఖం గట్ల ఎర్రగైంది? ఏమైతున్నదిరా?"

ఎవరో పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు. దగ్గు. ఆ తర్వాత బామ్మర్ది గొంతు, ఆయాసంతో.

"బిగవట్టుమన్నది ఇనవడ్డది. ఇడువుమన్నది ఇనవడలే."

"నీకు చెప్పిందారా ఆమె?"

"బావకు తోడుగ బట్టిన."

నాకు నవ్వు వచ్చింది. పట్టీ మీద చేయి పెట్టుకుని ఆపుకోవాలని చూశాను. డాక్టరు నా భుజం పట్టుకుని, స్టెతస్కోపును ఇంకొంచెం కిందికి, కుడి డొక్క వెనక్కి జరిపింది.

"ఆపకండి సార్, నవ్వండి," అంది. "ఇక్కడి దాకా వినిపిస్తోంది."